నవ్వును రీలుకెక్కించిన లూసీ

చూసేసిన ఎపిసోడ్ మళ్లీ వేస్తున్నారంటే ఇవాళ మనకు వింతేమీ కాదు. భోజనాల వేళ ఏ చానల్ తిప్పినా ఎప్పటిదో పాత సన్నివేశం వస్తూనే ఉంటుంది, చూస్తూ కూర్చుంటాం. 1950 ప్రాంతంలో అమెరికా టీవీవాళ్లకు ఈ సంగతి చెబితే నమ్మేవాళ్లు కారు. ఆ రోజుల్లో చాలా టీవీ నాటకాలు ఆ రాత్రి ఆడి ఆ రాత్రే అయిపోయేవి. స్టూడియోలో నటులు ఆడుతున్న క్షణానే ఇళ్లలో బొమ్మ కనిపించేది. స్టూడియోలో లైట్లు ఆర్పాక దాచుకోదగ్గ బొమ్మ మిగిలేది కాదు. వీడియోటేపు రావడానికి ఇంకా అయిదారేళ్లు ఉంది. ఈ తీరు మారడానికి ఏ ప్రయోగశాలా మొదటి కారణం కాలేదు. ఒక నటి పట్టిన పంతాలు కారణమయ్యాయి. ఆమె పేరు లూసిల్ బాల్. జనం ముద్దుగా లూసీ అన్నారు.

లూసీ 1911 ఆగస్టు 6న న్యూయార్క్ రాష్ట్రంలోని జేమ్స్‌టౌన్‌లో పుట్టింది. తండ్రి టెలిఫోన్ కంపెనీలో స్తంభాలెక్కి తీగలు లాగే పనివాడు. ఆమెకు మూడేళ్ల వయసులో టైఫాయిడ్ వచ్చి పోయాడు. అప్పటికి తల్లి మళ్లీ కడుపుతో ఉంది. పిల్లలిద్దరూ ఎక్కువగా తాతగారింట పెరిగారు. ఆ తాత ఫ్రెడ్ హంట్‌కు నాటకాలంటే ప్రాణం. పాటలు, గారడీలు, హాస్యం కలగలిపి ఆడే వాడెవిల్ ప్రదర్శనలు ఊరికొస్తే మనవరాల్ని వెంటబెట్టుకుని వెళ్లేవాడు. 1927లో ఆ ఇంటి పెరట్లో పిల్లలు తుపాకీ గురిచూసి కాల్చడం నేర్చుకుంటుండగా పక్కింటి అబ్బాయికి గుండు తగిలి నడుము పడిపోయింది. దావా పడింది, తాత ఇల్లు పోగొట్టుకున్నాడు. లూసీ ఆ తరువాత జీవితమంతా ఇల్లు, కుటుంబం అని ఎందుకంత గట్టిగా పట్టుకు వేలాడిందో ఈ సంగతి తెలిస్తే కొంత అర్థమవుతుంది.

పదిహేనేళ్ల ప్రాయంలో తల్లి ఆమెను న్యూయార్క్‌లో ఒక నాటక పాఠశాలలో చేర్చింది. అక్కడ మెరిసిపోతున్న విద్యార్థిని, తరువాత సినీతార అయిన బెటీ డేవిస్. లూసీకి మాత్రం బిడియంతో నోరు పెగిలేది కాదు. ఈ అమ్మాయికి డబ్బు తగలేయడం దండగని పాఠశాలవాళ్లు తల్లికి చెప్పేశారు. ఇంటికెళ్లింది, మళ్లీ న్యూయార్క్ వచ్చింది, బట్టల దుకాణంలో మోడల్‌గా నిలబడింది. కాళ్లకు జబ్బుచేసి చాలాకాలం మంచాన పడింది. లేచి, నడక కూడదీసుకుని, మళ్లీ అదే నగరానికి వచ్చింది.

1933 వేసవిలో ఒక రోజు వీధిలో పోతుంటే తెలిసిన ఏజెంటు ఎదురుపడింది. హాలీవుడ్‌లో ‘రోమన్ స్కాండల్స్’ అనే సినిమాకు నాట్యకత్తెల్ని పంపుతున్నారట. ఎంపికైన పిల్లల్లో ఒకరిని తల్లి పంపనన్నదట. ఆ ఖాళీ లూసీకి దక్కింది. కొన్ని వారాల పని అనుకుని రైలెక్కిన మనిషి ఇక వెనక్కి రాలేదు.

తరువాతి పదిహేనేళ్లను గబగబా దాటేయవచ్చు. సినిమాలు పదుల సంఖ్యలో చేసింది. పేరు రాలేదనలేం, వచ్చిందనీ అనలేం. ఆర్‌కేవో స్టూడియోలో చిన్న బడ్జెట్ చిత్రాల కథానాయికగా ‘బీ చిత్రాల రాణి’ అనిపించుకుంది. ఎంజీఎంకు మారాక జుట్టు ఎర్రగా మార్చారు. రంగుల సినిమాలో ఆ ఎరుపు బాగానే పండింది, పాత్రలే పండలేదు. ఆమెలో అందగత్తెను చూసినవాళ్లున్నారు, హాస్యగత్తెను చూసినవాళ్లు తక్కువ. చూసిన ఆ కొద్దిమందిలో బస్టర్ కీటన్ ఒకడు. మూకీల కాలంలో ప్రపంచాన్ని నవ్వించిన కీటన్ అప్పటికి ఎంజీఎంలో ఇతరుల సినిమాలకు హాస్య సలహాలు చెప్పుకుంటూ బతుకుతున్నాడు. చేతిలోని వస్తువును తోటి నటుడిలా చూడాలని, అది ఎలా పనిచేస్తుందో ఎక్కడ మొరాయిస్తుందో ముందే తెలిసి ఉండాలని ఆమెకు నేర్పాడు. ఈ పాఠానికి పదేళ్ల తరువాత ఫలితం వచ్చింది.

1940లో ఒక సినిమా సెట్లో డెసీ ఆర్నెజ్ కలిశాడు. క్యూబావాడు. అక్కడి సాంటియాగో నగరానికి అతని తండ్రి మేయరు. 1933లో విప్లవం వచ్చి ఆస్తిపాస్తులన్నీ పోతే ఈ కుర్రాడు మయామి చేరి, పక్షుల పంజరాలు శుభ్రం చేసే పని దగ్గర్నుంచి మొదలుపెట్టి, కాంగా డోలు వాయించే బ్యాండు నాయకుడయ్యాడు. అదే ఏడాది నవంబర్ 30న ఇద్దరూ పెళ్లి చేసుకున్నారు. ఆపైన కాపురం నిలబడటమే గగనమైంది. ఆమె పగలంతా స్టూడియోలో, అతను రాత్రంతా క్లబ్బుల్లో, లేకపోతే బ్యాండుతో ఊళ్లమీద. 1944లో విడాకుల దాకా వెళ్లి మళ్లీ కలిశారు. ఇద్దరూ ఒకే చోట పనిచేస్తే తప్ప ఈ సంసారం సాగదని లూసీకి రూఢి అయిపోయింది.

1948లో ఆమెకు సీబీఎస్ రేడియోలో ‘మై ఫేవరెట్ హజ్బెండ్’ అనే హాస్య ధారావాహిక దొరికింది. రచయితలు మ్యాడెలిన్ ప్యూ, బాబ్ క్యారల్, వారిమీద నిర్మాతగా జెస్ ఆపెన్‌హైమర్. రేడియో నాటకమే అయినా ఎదురుగా జనాన్ని కూర్చోబెట్టి ఆడేవారు. మొదట్లో లూసీ కాగితం చూసి చదివినట్టే చెప్పేది. ఆపెన్‌హైమర్ ఆమెకు ప్రసిద్ధ హాస్యనటుడు జాక్ బెన్నీ కార్యక్రమానికి టికెట్లు చేతిలో పెట్టి, వెళ్లి చూసి రమ్మన్నాడు. చూసొచ్చాక ఆమె కాగితం వదిలేసింది. ముఖం తిప్పడం, కళ్లు పెద్దవి చేయడం, చేతులు ఊపడం, రేడియోలో వినపడనివన్నీ చేయడం మొదలుపెట్టింది. హాలు నవ్వింది. హాలు నవ్వేకొద్దీ ఈమె రెచ్చిపోయింది. మన పద్యనాటకాల రోజుల్లో వన్స్‌మోర్ కేక పడ్డాక రాగం ఇంకో మెట్టు ఎక్కించే నటుల్లాంటిదే ఈ రకం. జనం లేకపోతే సగం మనిషి.

1950లో ఈ ధారావాహికను టీవీకి తెద్దామని సీబీఎస్ అడిగింది. లూసీ సరేనంది, ఒక షరతు పెట్టింది. భర్త పాత్ర వేసేది తన భర్తే. కంపెనీ పెద్దలు నొసలు ముడిచారు. అచ్చమైన అమెరికన్ అమ్మాయికి, యాస పోని క్యూబా బ్యాండువాడు మొగుడంటే జనం నమ్మరన్నారు. నిజంగానే పదేళ్లుగా మొగుడై ఉన్నవాణ్ని గురించి ఆ మాట! లూసీ వాదించలేదు. జనం నమ్ముతారో లేదో జనాన్నే అడుగుదామనుకుంది. ఇద్దరూ డెసిలూ పేరుతో సొంత కంపెనీ పెట్టుకుని, పెపీటో అనే స్పానిష్ విదూషకుడి దగ్గర మెళకువలు నేర్చుకుని, ఆ వేసవిలో ఊరూరా తిరిగి వేదికల మీద ఆడారు. డెసీ బ్యాండు వాయిస్తుంటే వదులు కోటు, నలిగిన టోపీతో లూసీ చెల్లో వాద్యం ఈడ్చుకుంటూ ఉద్యోగం కోసం వస్తుంది. అంతే కథ. జనం పడీపడీ నవ్వారు.

దాంతో 1951 మార్చిలో నమూనా ఎపిసోడ్ తీయడానికి సీబీఎస్ ఒప్పుకుంది. అప్పటికి లూసీ అయిదు నెలల గర్భిణి, వదులు బట్టలతో కప్పిపుచ్చుకుని ఆడింది. ఫిలిప్ మోరిస్ సిగరెట్ల కంపెనీ ఖర్చు భరిస్తానంది. పేరు ‘ఐ లవ్ లూసీ’ అని నిర్ణయమైంది. ఇక అంతా కుదిరిందనుకునే సరికి అసలు చిక్కు వచ్చిపడింది.

టీవీ అంటే అప్పట్లో న్యూయార్క్. లూసీ దంపతులేమో మూడువేల మైళ్ల అవతల, లాస్ ఏంజిలస్ దగ్గరి చాట్స్‌వర్త్‌లో తోట వేసుకుని, పుట్టబోయే బిడ్డకు గది కట్టుకుంటున్నారు. పదేళ్ల తరువాత దక్కిన సంసారాన్ని విప్పుకుని వెళ్లేది లేదని ఆమె చెప్పేసింది. అయితే కాలిఫోర్నియాలో ఆడితే తూర్పువాళ్లకు చూపించేదెలా? రెండు తీరాలనూ కలిపే టీవీ లైను అప్పటికింకా పనిలోకి రాలేదు. ఉన్న దారల్లా కినెస్కోప్. టీవీ తెరకెదురుగా సినిమా కెమెరా పెట్టి, తెరమీది బొమ్మనే ఫిల్ముమీదకు తీసి, ఆ డబ్బాను విమానంలో పంపడం. బొమ్మ మసకగా, అలికినట్టుగా వచ్చేది. సిగరెట్లు కొనే జనంలో ఎక్కువమంది తూర్పున ఉంటే వాళ్లకు అలుకుడు బొమ్మ చూపించడమేమిటని కంపెనీ భగ్గుమంది.

ఈ ముడి దగ్గర డెసీ నోటి నుంచి ఒక మాట జారింది. సినిమాలా ఫిల్ముమీదే తీసేద్దాం, తూర్పుకీ పడమరకీ ఒకే నాణ్యమైన కాపీ పోతుంది. బాగానే ఉంది. కానీ సినిమా తీసే పద్ధతి వేరు. ఒకే కెమెరా, ముక్కముక్కకూ ఆగడం, లైట్లు మార్చడం, మళ్లీ ఆడటం. ఆ పద్ధతిలో పదిహేనేళ్లు ఆడిన లూసీ ఏమైందో అందరూ చూశారు. జనం లేకుండా ఆమె పండదని సీబీఎస్ గట్టిగా అంది. ఆ మాట నిజమని ఆమెకూ తెలుసు. అంటే సినిమాలా తీయాలి, నాటకంలా ఆపకుండా ఆడాలి, ఎదురుగా మూడొందల మంది కూర్చుని నవ్వాలి. మూడూ ఒకే గంటలో జరగాలి.

ఖర్చు లెక్క వేస్తే ఎపిసోడ్‌కు వేలల్లో పెరిగింది. కొంత సీబీఎస్, కొంత సిగరెట్ల కంపెనీ భరిస్తామన్నాయి. మిగతాది మీ జీతంలో కోసుకుంటాం, వారానికి వెయ్యి డాలర్లు తగ్గించుకోండని దంపతులతో అన్నారు. డెసీ తలూపి, అయితే తీసిన ఫిల్ములన్నీ మా కంపెనీ సొంతం కావాలన్నాడు. అవతలివాళ్లు పెద్దగా ఆలోచించకుండా ఒప్పుకున్నారు. ఒకసారి ప్రసారమైపోయిన నాటకం రీళ్లు ఎవరికి కావాలి? ఈ బేరాన్ని డెసీ ముందుచూపు అని మెచ్చుకునేవాళ్లున్నారు. అన్నీ పోగొట్టుకుని పరాయి దేశం వచ్చినవాడికి చేతికందే ఏ ఆస్తినీ వదలబుద్ధి కాకపోవడం కూడా అందులో ఉందని నాకనిపిస్తుంది.

సరే, తీసేదెవరు? ఒకటికి మించి ఫిల్ము కెమెరాలు ఒకేసారి తిప్పడం అంతకుముందు లేకపోలేదు. జెర్రీ ఫెయిర్‌బ్యాంక్స్ అనే నిర్మాత 1940లలోనే ప్రయత్నించాడు. ఒక ప్రశ్నల కార్యక్రమాన్ని అలా తీసిన అనుభవమున్న ఆల్ సైమన్ ఈ జట్టులో చేరాడు. కానీ సినిమా నాణ్యత గల 35 మిల్లీమీటర్ల ఫిల్ముతో, అల్లిన కథను, జనం ఎదుట తీయాలంటే వెలుతురు దగ్గర బండి ఆగిపోయేది. దగ్గరి షాటుకు పెట్టిన లైటు దూరపు షాటులో నీడ వేస్తుంది. మూడు కోణాలకూ ఒకేసారి సరిపోయే వెలుతురు అంటూ ఉండదని ఛాయాగ్రాహకులంతా నమ్మేవారు.

డెసీ వెళ్లి వెళ్లి కార్ల్ ఫ్రాయిండ్‌ను పట్టుకున్నాడు. ఫ్రాయిండ్ సామాన్యుడా? జర్మనీలో ‘మెట్రొపాలిస్’ తీసినవాడు, హాలీవుడ్‌లో ‘డ్రాక్యులా’ తీసినవాడు, ‘ది గుడ్ ఎర్త్’కు ఆస్కార్ అందుకున్నవాడు. ఎంజీఎంలో లూసీని కూడా తన కెమెరాతో చూశాడు. అరవయ్యేళ్లు దాటి, సొంతానికి లైట్‌మీటర్ల కంపెనీ పెట్టుకుని హాయిగా ఉన్నాడు. విషయం వినగానే కుదరదన్నాడు. ఎవరూ చేయలేరనే కదా మీ దగ్గరకు వచ్చిందని డెసీ ఆ అభిమానం మీదే దెబ్బకొట్టాడు. డబ్బు అవసరం లేని ఆ పెద్దమనిషి యూనియన్ నిర్ణయించిన కనీస వేతనానికి వచ్చి చేరాడు.

ఆయన చేసిన పని చెప్పుకుంటే తేలిగ్గానే ఉంటుంది. నేలమీది లైట్లన్నీ తీసేయించాడు. అవి ఉంటే కెమెరాలకు దారి లేదు, జనానికి బొమ్మ లేదు. లైట్లను పైకప్పు నుంచి వేలాడదీసి వేదికంతా సమంగా వెలుగు పరిచాడు. ముఖాలమీద మిగిలే నీడలు పోవడానికి కెమెరాలకే చిన్న దీపాలు బిగించాడు. టీవీ తెర నలుపు తెలుపుల తేడాను ఎక్కువచేసి చూపిస్తుందని గమనించి గోడలకూ సామానుకూ రకరకాల బూడిదరంగులు వేయించాడు. డ్రాక్యులాకు చీకటి నీడలు దిద్దిన మనిషి నీడ అన్నదే లేని వెలుతురు కోసం రోజులకొద్దీ తంటాలు పడ్డాడు. తన కళనే తిరగేసుకోవలసి రావడం ఆ వయసులో చిన్న విషయం కాదు.

హాలీవుడ్‌లో జనరల్ సర్వీస్ స్టూడియోస్‌లో ఒక షెడ్డు అద్దెకు తీసుకున్నారు. బండ్లమీద కెమెరాలు చప్పుడు లేకుండా జారాలి కాబట్టి నేల నున్నగా మళ్లీ వేయించారు. జనం రావాలి కాబట్టి గోడ పగలగొట్టి వీధిలోకి తలుపు పెట్టారు. ఎత్తుగా మెట్లమెట్లుగా కుర్చీలు వేశారు. మధ్య కెమెరా మొత్తం దృశ్యం, అటూ ఇటూ ఉన్నవి దగ్గరి ముఖాలు. ఎవరు ఏ మాట దగ్గర ఎటు జరగాలో నేలమీద గుర్తులు. దర్శకుడు మార్క్ డేనియల్స్ వారమంతా నాటకంలాగే రిహార్సల్ చేయించేవాడు. పక్కింటి ఎథెల్ పాత్రకు వివియన్ వాన్స్‌ను తెచ్చిందీ ఆయనే. జులై 17న లూసీకి ఆడపిల్ల పుట్టింది. బాలింత రోజులు పూర్తిగా తీరకముందే రిహార్సల్స్‌లో నిలబడింది.

సెప్టెంబర్ 8. మొదటి చిత్రీకరణ రాత్రి. బయట జనం వరుస కట్టారు. అప్పుడొచ్చాడు ఆరోగ్యశాఖ అధికారి. స్త్రీలకు మరుగుదొడ్డి లేదు, ఆట కుదరదన్నాడు. కెమెరాలూ వెలుతురూ వేల డాలర్లూ సర్దుకున్నాక మరుగుదొడ్డి దగ్గర ఆగింది కథ. లూసీ తన డ్రెస్సింగ్ రూములోది వాళ్లకిచ్చేయండని తేల్చింది. డెసీ జనం ముందుకు వెళ్లి, మీకు కెమెరాలు అడ్డొచ్చినా ఏమీ అనుకోకండని నాలుగు జోకులు వేసి, బ్యాండుతో పాట పాడి హాలును వేడెక్కించాడు. మూడు కెమెరాలూ కదిలాయి. తలలపైన వేలాడుతున్న మైకులు నవ్వుల్ని పట్టుకున్నాయి. లూసీ తల్లి డీడీ కూడా ఆ కుర్చీల్లోనే ఉండేది. కూతురు ఏ చిక్కులోనో ఇరుక్కోబోతుంటే అయ్యయ్యో అన్నట్టు ఆమె నోట వెలువడే శబ్దం కొన్ని ఎపిసోడ్లలో ఇప్పటికీ వినిపిస్తుంది.

తీయడమైతే తీశారు, కూర్చడం ఇంకో పెద్ద పని. ఒక్కో సన్నివేశానికి మూడు రీళ్లు. ఏ నవ్వు దగ్గర ఏ కెమెరా బొమ్మ వాడాలో చూడాలంటే మూడూ పక్కపక్కన తిరగాలి, శబ్దమూ కలవాలి. మామూలు మూవియోలా యంత్రంలో ఒక్క బొమ్మే కనిపించేది. మూడు బొమ్మలకు మూడు తలలు, శబ్దానికి ఇంకో తల ఉన్న యంత్రం ఒకటి తెప్పించారు. దాన్ని చూసి ఎడిటర్ డాన్ కాన్ ఇదేం రాక్షసిరా బాబూ అనుకున్నాడు. స్టూడియోలో దాని పేరు అదే అయిపోయింది. అప్పటికీ ముందు తీసిన ఎపిసోడ్ కాకుండా తరువాత తీసిందే ముందుగా, అక్టోబర్ 15న ప్రసారమైంది.

కొన్ని నెలల్లోనే అది దేశంలో అందరికన్నా ఎక్కువమంది చూసే కార్యక్రమాల్లో చేరింది. చాక్లెట్లు చుట్టే కార్ఖానాలో ముందుకు పరిగెత్తే బెల్టును అందుకోలేక లూసీ, ఎథెల్ చాక్లెట్లను నోట్లో, టోపీలో, జాకెట్లో కుక్కుకునే ఘట్టం చూస్తే కీటన్ చెప్పిన పాఠం ఎంత లోతుకు ఇంకిందో తెలుస్తుంది. అక్కడ నవ్వించేది చాక్లెట్టే. ఆమె దానికి లొంగిపోతూ ఉంటుంది, అంతే.

1952లో లూసీ మళ్లీ గర్భవతి అయింది. ఇంకెవరైనా కార్యక్రమం ఆపేసేవారు. వీళ్లు కథలోని లూసీకి కూడా నెలలు నింపారు. ‘గర్భిణి’ అనే మాట టీవీలో వినపడకూడదని సీబీఎస్ పట్టుబట్టింది. రాతప్రతుల్ని ఒక క్యాథలిక్ ఫాదరు, ఒక ప్రొటెస్టెంట్ పాస్టరు, ఒక యూదు రబ్బీ చదివి అభ్యంతరం లేదన్నాకే తీశారు. 1953 జనవరి 19న ఉదయం ఆస్పత్రిలో సిజేరియన్‌తో మగపిల్లాడు పుట్టాడు. ఆ రాత్రే టీవీలోనూ పుట్టాడు. దాదాపు 4 కోట్ల 40 లక్షల మంది చూశారు. మర్నాడు ఐజన్‌హోవర్ అధ్యక్షుడిగా ప్రమాణం చేస్తుంటే చూసినవాళ్లు అంతకన్నా తక్కువ.

బాలింత విశ్రాంతి తీసుకోవాలి, కార్యక్రమం వచ్చే సోమవారాలు ఆగవు. బీరువాలో రీళ్లున్నాయి కదా, పాతవే మళ్లీ వేస్తే? ముందు ఒక చిన్న కొత్త ముక్క తగిలించి కొన్నింటిని వేశారు. జనం మళ్లీ చూశారు, మళ్లీ నవ్వారు. బొమ్మ శుభ్రంగా ఉండటం వల్లే ఇది సాధ్యపడింది. అలుకుడు కినెస్కోప్ అయితే ఎవరూ రెండోసారి భరించేవారు కాదు. తూర్పువాళ్ల సిగరెట్ల కోసం మొదలైన నాణ్యత గొడవ ఇలా అనుకోని చోట అక్కరకొచ్చింది.

ఆ ఏడాది సెప్టెంబర్‌లో ఒక గండం వచ్చింది. తాతకు కార్మిక పక్షపాతం ఎక్కువ. ఆయన మాట కాదనలేక లూసీ 1936లో కమ్యూనిస్టు ఓటరుగా పేరు నమోదు చేయించుకుంది. ఆ కాగితం బయటపడింది. కమ్యూనిస్టు అన్న ముద్ర పడితే చాలు హాలీవుడ్‌లో బతుకులు కూలిపోతున్న రోజులవి. డెసీ స్టూడియో ప్రేక్షకుల ముందుకు వెళ్లి, లూసీలో ఎరుపంటూ ఉన్నది ఆ జుట్టు ఒక్కటే, అదీ అసలుది కాదన్నాడు. హాలు లేచి చప్పట్లు కొట్టింది. గండం గడిచింది.

1957 దాకా సుమారు 180 ఎపిసోడ్లు వచ్చాయి. జనం తగ్గకముందే, మొదటి స్థానంలో ఉండగానే ఆపేశారు. ఆపైన సీబీఎస్ ఆ పాత రీళ్ల హక్కుల్ని 40 లక్షల డాలర్లకు పైగా పోసి కొనుక్కుంది. వారానికి వెయ్యి డాలర్లు మిగుల్చుకోవడానికి వదిలేసిన రీళ్లే అవి. దంపతులు ఆర్‌కేవో స్టూడియోలను కొన్నారు. ఒకప్పుడు లూసీ జీతానికి చిన్న వేషాలు వేసుకుంటూ తిరిగిన ఆవరణ అది.

సంసారాన్ని నిలబెట్టుకోవడానికి మొదలుపెట్టిన పని సామ్రాజ్యమై సంసారాన్నే తినేసింది. 1960లో విడిపోయారు. 1962లో ఆమె డెసీ వాటా కొని డెసిలూ పగ్గాలు పట్టింది. అమెరికాలో పెద్ద టీవీ స్టూడియోకు అధిపతి అయిన మొదటి మహిళ ఆమే. ‘స్టార్ ట్రెక్’, ‘మిషన్ ఇంపాసిబుల్’ ఆమె హయాంలోనే, 1966లో మొదలయ్యాయి. మరుసటి ఏడు స్టూడియోను కోటీ 70 లక్షల డాలర్లకు అమ్మేసి నటనలోనే కొనసాగింది. లెక్కల పుస్తకాల కన్నా ఎదురుగా కూర్చున్న జనమే ఆమెకు ఇష్టం.

మూడు కెమెరాలు, పైనుంచి వెలుతురు, జనం ఎదుట నాటకంలా ఆట అనే పద్ధతి ఆ తరువాత అమెరికా హాస్య ధారావాహికలకు రాచబాట అయింది. 1986లో, 75 ఏళ్ల వయసులో లూసీ అదే పద్ధతిలో ‘లైఫ్ విత్ లూసీ’ అని ఇంకోటి మొదలుపెట్టింది. ఎనిమిది ఎపిసోడ్లు ప్రసారమయ్యాక జనం చూడటం లేదని తీసేశారు. ఆమె చాలా నొచ్చుకుందంటారు. జనం తప్పేమీ లేదు. ముసలి లూసీ నిచ్చెన ఎక్కుతుంటే వాళ్లకు భయం వేసింది. నవ్వాలనుకుంటే ఇంకో చానల్లో నలభై ఏళ్ల లూసీ, చాక్లెట్లు కుక్కుకుంటూ, ఎలాగూ ఉండనే ఉంది.